కొనడమా, అమ్మడమా: ఒక కాంటనీస్ రోగిలో పిచ్ గ్రహణ లోపం, మా పరీక్షలో దొర్లిన లోపం

స్ట్రోక్ వచ్చిన ఏడు వారాలకు మా ఔట్‌పేషెంట్ క్లినిక్‌కు వచ్చిన ఈ రోగి 68 ఏళ్ల మహిళ, కుడిచేతి వాటం మనిషి. పుట్టి పెరిగింది హాంకాంగ్‌లో. 1997లో ఆ నగరం బ్రిటన్ చేతి నుంచి చైనాకు వెళ్లకముందే ఎన్నో కుటుంబాలు కెనడాకు తరలివచ్చాయి. ఆ వరుసలోనే వీరూ టొరాంటో చేరి, స్కార్‌బరోలో పాతికేళ్లు కూరగాయల దుకాణం నడిపారు. ఇంట్లోనూ దుకాణంలోనూ స్నేహితులతోనూ మాట్లాడేది హాంకాంగ్ వాడుక చైనీస్ అయిన కాంటనీసే. ఇంగ్లీషు బేరసారాలకు సరిపడా వచ్చు. చైనీస్ అక్షరాలు ధారాళంగా చదువుతారు. కాంటనీస్ ఒపేరా పాటలు పాడుకునే ఒక ఔత్సాహికుల బృందంలో సభ్యురాలు. ఈ చివరి వివరం కేస్ షీట్‌లో ‘అభిరుచులు’ అన్న గడిలో మొదటి రోజు నుంచీ ఉంది. దాన్ని పట్టించుకోవడానికి నాకు నెల పట్టింది. మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను ఇక్కడ మార్చాను.

ఎంఆర్ఐలో మెదడు ఎడమవైపున, మధ్య మస్తిష్క ధమని పరిధిలో, టెంపొరల్ లోబ్ (కణత వైపు భాగం) పైమడత వెనుక భాగం, దానికి ఆనుకున్న పెరైటల్ (నడినెత్తి వైపు) ప్రాంతంలో కొంత దెబ్బతిన్నట్టు కనిపించింది. కుడిచేతి బలహీనత మొదటి పది రోజుల్లోనే తగ్గిపోయింది. మాట సాఫీగానే సాగుతోంది, పేర్లు తట్టక అక్కడక్కడ ఆగుతారు. ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ నుంచి పైన వయసుకు తగిన వినికిడి లోపం ఉంది. 250 నుంచి 1000 హెర్ట్జ్ వరకు మాత్రం రెండు చెవులూ సాధారణ పరిధిలోనే ఉన్నాయి. మామూలు సంభాషణలో పెద్దవాళ్ల గొంతు పిచ్, అంటే స్వరం ఎత్తు, సుమారు 80 నుంచి 300 హెర్ట్జ్ మధ్య తిరుగుతుంది కాబట్టి, తరువాత మేము గమనించినదాన్ని చెవుడు ఖాతాలో వేయడానికి వీలు లేదు.

తొలి మూల్యాంకనం దుబాసీ సాయంతో జరిగింది. నాకు కాంటనీస్ రాదు. బొమ్మలకు పేర్లు చెప్పించాము, ఆజ్ఞలు పాటింపజేశాము, చిన్న కథ వినిపించి ప్రశ్నలు అడిగాము. తేలికపాటి అఫేసియా (మెదడు దెబ్బతో వచ్చే భాషా లోపం), పేర్లు గుర్తుకురావడంలో ఇబ్బంది, అవగాహన సంతృప్తికరం అని నివేదిక రాశాను. మూడో వారం రోగి కుమార్తె ఆ నివేదిక చేతిలో పట్టుకుని వచ్చి ఇలా అన్నారు: “అమ్మ ఫోన్‌లో సరుకులు కొన్నానంటోందో, ఎవరికో అమ్మేశానంటోందో తెలియడం లేదండీ. నేను చెప్పేది కూడా తనకు అటూ ఇటూ అయిపోతోంది. మీరేమో అవగాహన బాగుందని రాశారు.”

ఆమె ఫిర్యాదు అక్షరాలా నిజం. కాంటనీస్‌లో కొనడాన్ని ‘మాయ్’ అంటారు, అమ్మడాన్నీ ‘మాయ్’ అనే అంటారు. హల్లు, అచ్చు, అక్షరం చివరి యకారం, అన్నీ ఒకటే. కొనేటప్పుడు గొంతు కిందినుంచి కొంచెం పైకి లేస్తుంది, అమ్మేటప్పుడు కిందనే సమంగా నిలుస్తుంది. తేడా అంతే. తెలుగు చెవికి ఈ రెండూ ఒకే మాటను రెండు రకాల మనఃస్థితిలో పలికినట్టు వినిపిస్తాయి, ఎందుకంటే గొంతు ఎత్తును మనం ఆశ్చర్యానికీ కోపానికీ వెటకారానికీ వాడుకుంటాము తప్ప మాట అర్థం మార్చడానికి వాడము. ఆ పని మనకు అచ్చు నిడివి చేస్తుంది. ‘కలం’, ‘కాలం’ మనకు ఎంత వేరో, ఆ రెండు మాయ్‌లు కాంటనీస్ వారికి అంత వేరు.

కాంటనీస్‌లో ఇలాంటి టోన్‌లు ఆరు ఉన్నాయి. ప, త, క ధ్వనులతో పొట్టిగా ముగిసే అక్షరాలను విడిగా లెక్కించే సంప్రదాయంలో తొమ్మిది అంటారు కానీ పిచ్ పరంగా అవి ఈ ఆరింటిలో ఇమిడిపోయేవే. ‘సి’ అనే ఒక్క అక్షరాన్ని ఒకటో టోన్‌లో ఎత్తుగా సమంగా పలికితే కవిత్వం, రెండో టోన్‌లో బాగా పైకి లేపితే చరిత్ర, మూడో టోన్‌లో మధ్యస్థంగా నిలిపితే ప్రయత్నించడం, నాలుగో టోన్‌లో అడుగుకు దించితే సమయం, ఐదో టోన్‌లో కింద మొదలుపెట్టి కొద్దిగా లేపితే సంత, ఆరో టోన్‌లో కింద సమంగా ఉంచితే విషయం. ఒకటి, మూడు, ఆరు సమ టోన్‌లు. మిగిలిన మూడూ కదిలేవి. ఈ విభజన ముందుముందు అవసరపడుతుంది.

ఇంత పెద్ద లోపం తొలి పరీక్షలో మా కంట పడకపోవడానికి కారణం దుబాసీ అసమర్థత కాదు, ఆయన సామర్థ్యమే. రోగి ‘నిన్న కూరగాయలు అమ్మాను’ అన్న టోన్‌లో చెప్పినా, దుకాణం మూసి ఎన్నాళ్లో అయిందని తెలిసిన మనిషి దాన్ని ‘కొన్నాను’ అనే అర్థం చేసుకుని, నాకు ఇంగ్లీషులో ‘కొన్నారట’ అని చెబుతాడు. అర్థాన్ని చేరవేయడం ఆయన ఉద్యోగం. తప్పును తప్పుగానే చేరవేయమని అడగవలసింది నేను. ఆ మాట నేను అడగలేదు.

కుమార్తె వచ్చి వెళ్లాక టోన్‌లకే ప్రత్యేకంగా ఒక పరీక్ష తయారుచేసుకున్నాము. ‘స్యూ’ అనే అక్షరానికి బొమ్మ గీయగలిగే అర్థాలు నాలుగున్నాయి: ఒకటో టోన్‌లో పుస్తకం, రెండో టోన్‌లో ఎలుక, నాలుగో టోన్‌లో దుంప, ఆరో టోన్‌లో చెట్టు. నాలుగు బొమ్మలు బల్ల మీద పరిచి, దుబాసీ ఒక్కో మాట పలికితే రోగి వేలితో చూపాలి. ఒక్కో మాట ఆరుసార్లు, మొత్తం 24. ఆమె తొమ్మిదే సరిగా చూపారు. తప్పిన పదిహేనింటిలో పదకొండుసార్లు వేలు ఎలుక మీదికే వెళ్లింది. టోన్ గ్రహణం తీవ్రంగా దెబ్బతిన్నదని ఫైలులో రాయడానికి కలం తీశాను.

రాయనివ్వకుండా ఆపింది రోగి అక్క. ఆ రోజు చెల్లెలికి తోడుగా వచ్చిన ఆవిడ 71 ఏళ్ల మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వీధిలో పెరిగారు. ఆవిడకు నరాల జబ్బు ఏదీ లేదు. పోలిక కోసం ఒక ఆరోగ్యవంతురాలి స్కోరు ఉండాలని ఆవిడకూ అదే పరీక్ష పెట్టాము. చెట్టు అన్నప్పుడు ఆవిడ ఎలుకను చూపారు. దుంప అన్నప్పుడు మళ్లీ ఎలుకను చూపి, దుబాసీ వైపు తిరిగి పకపకా నవ్వుతూ ఏదో అన్నారు. ఏమన్నారని అడిగితే, “ఈ అబ్బాయికి ఎలుకలంటే అంత ఇష్టమా” అన్నారట. ఆవిడకు 24లో పదిహేను వచ్చాయి. తొమ్మిది తప్పుల్లో ఎనిమిది ఎలుకలే.

రికార్డింగును ఆ సాయంత్రం ప్రాట్‌లో తెరిచాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ గొంతు పిచ్‌ను తెర మీద నీలం గీతగా చూపుతుంది. ‘చెట్టు’ అన్న ఆరో టోన్ గీత కింద సమంగా సాగవలసింది, చివరి మూడో వంతులో కొక్కెంలా పైకి వంగి ఉంది. మరోటి తెరిచాను, అదీ అంతే. దుబాసీ మాటను చెప్పడం లేదు, అడుగుతున్నాడు: ‘చెట్టు?’ అని. బొమ్మ చూపించమని కోరే ఎవరి గొంతైనా సహజంగా అలాగే లేస్తుంది. కాంటనీస్‌లో ప్రశ్న కోసం గొంతు లేపితే ఆ లేపడం వాక్యం చివరి మాట టోన్ మీద పడి, కింది టోన్‌లు రెండో టోన్‌లా వినిపిస్తాయని హాంకాంగ్‌లో జరిగిన ధ్వనిశాస్త్ర పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అంటే చాలాసార్లు ఆ గది గాలిలోకి వచ్చిన మాట నిజంగానే ఎలుక. రోగి విన్నదాన్నే చూపింది. ఒప్పుకు మేము తప్పు వేశాము.

ఇక్కడ తెలుగు మనిషిగా నాకు ముందే తట్టవలసిన సంగతి ఒకటుంది. ‘వచ్చాడు’ అన్నదాన్ని ప్రశ్న చేయడానికి మనం గొంతు మీద ఆధారపడనక్కరలేదు. చివర ఒక ‘ఆ’ చేర్చి ‘వచ్చాడా’ అంటే చాలు. పిచ్ మాటల పనిలో మునిగి ఉన్న కాంటనీస్ కూడా వాక్యాంత ప్రత్యయాలనూ, మన ‘అవునా కాదా’ వంటి ‘హై మ్ హై’ అనే ప్రయోగాన్నీ ధారాళంగా వాడుతుంది. ప్రశ్నను అలా అడిగి ఉంటే, లేదా అసలు ప్రశ్నే లేకుండా ‘ఈ అక్షరం ఫలానా’ అన్న నిశ్చయ వాక్యంలో మాటను ఉంచి ఉంటే, ఈ గొడవే ఉండేది కాదు.

మూడోసారి పరీక్షను ఆ విధంగానే కట్టాము. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు, రోగికి పరిచయం లేని నాలుగు గొంతులతో మాటలను ముందుగా రికార్డు చేసి, ప్రతి గీతనూ ప్రాట్‌లో చూసి, వంకర ఉన్నవాటిని తీసేశాము. రోగి అక్షరాలు చదవగలరు కాబట్టి బొమ్మలకు బదులు ‘సి’ అక్షరపు ఆరు రూపాలనూ కార్డుల మీద రాయించాము. వాక్యంలో ఉంచి వినిపించిన 36 మాటల్లో అక్క 34 సరిగా గుర్తించారు, రోగి 22. అయితే ఆ మొత్తం కన్నా తప్పుల చోటు ముఖ్యం. కదిలే టోన్‌లు పద్దెనిమిదింటిలో పద్నాలుగు సరిపోయాయి. సమ టోన్‌లు పద్దెనిమిదింటిలో ఎనిమిదే సరిపోయాయి. తప్పిన పదింటిలో ఏడు మూడో టోన్‌కూ ఆరో టోన్‌కూ మధ్య తారుమారైనవి. కుమార్తె చెప్పిన రెండు మాయ్‌లు ఐదో, ఆరో టోన్‌లవి కదా అని అడగవచ్చు. వాటిని విడిగా పరీక్షిస్తే, ఐదో టోన్‌ను ఆమె చాలావరకు పట్టుకుంటున్నారు, ఆరోదాన్ని ఎటూ తేల్చుకోలేక ఊహిస్తున్నారు. తారుమారు అక్కడినుంచి వస్తోంది.

ఈ పోలికకు కుమార్తెను కాక అక్కను ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. హాంకాంగ్ యువతరం మాటలో రెండు-ఐదు, మూడు-ఆరు, నాలుగు-ఆరు టోన్‌ల జంటలు కొంతకాలంగా కలిసిపోతున్నాయి. కెనడాలో పెరిగిన కుమార్తెకు సరదాకి కార్డులు చూపిస్తే రెండు-ఐదు జంటలో తల్లికన్నా ఎక్కువ తప్పులు వచ్చాయి. ఆమెకు జబ్బేమీ లేదు, భాష మారుతోంది. ఆమెను ప్రమాణంగా తీసుకుని ఉంటే తల్లి లోపం సగం మాయమయ్యేది.

సమ టోన్‌లే ఎందుకు చెడ్డాయి? కదిలే టోన్ తన ఆకారాన్ని తనలోనే మోసుకొస్తుంది. లేచిందా పడిందా అన్నది ఆ ఒక్క అక్షరంలోనే తెలుస్తుంది. సమ టోన్‌కు ఆకారం లేదు, ఎత్తు మాత్రమే ఉంది, ఆ ఎత్తు ఎవరితో పోల్చి అన్న ప్రశ్న ఉంది. చాలామంది స్త్రీల కింది టోన్ హెర్ట్జ్‌లలో చూస్తే పురుషుల మధ్య టోన్ కంటే ఎత్తున ఉంటుంది. కచేరీలో ఒకరు ఒకటో శ్రుతిలో, మరొకరు ఐదో శ్రుతిలో పాడినా పంచమం పంచమంగానే వినిపించడానికి వెనుక మోగే తంబూరా ఎలా కారణమో, కాంటనీస్ మాటకు చుట్టూ ఉన్న వాక్యం అలా కారణం. 2003లో ప్యాట్రిక్ వాంగ్, రాండీ డీల్ ప్రచురించిన ప్రయోగంలో, లక్ష్య అక్షరాన్ని ముట్టుకోకుండా దాని ముందున్న వాక్యం పిచ్‌ను మాత్రమే జరిపితే, శ్రోతలు అదే అక్షరాన్ని వేరే సమ టోన్‌గా విన్నారు.

అందుకే అదే మాటలను వాక్యం లేకుండా ఒంటరిగా కూడా వినిపించి చూశాము. అక్కకు ఒంటరి సమ టోన్‌లలో పదకొండు, వాక్యంలో పదిహేడు వచ్చాయి. రోగికి ఒంటరిగా ఏడు, వాక్యంలో ఎనిమిది. తంబూరా మోగుతున్నా ఆమెకు ఉపయోగపడటం లేదు. నా దృష్టిలో ఈ కేసులో అసలు ఫలితం ఇదే.

పిచ్ వినడమే పోయిందా అంటే, లేదు. అవే గీతలను మాట తీసేసి కూనిరాగంలా మార్చి, జంటలుగా వినిపించి ఒకటేనా వేరా అని అడిగితే ఇరవైలో పద్దెనిమిది సరిగా చెప్పారు. తెలియని భాషలో కోపంగా, సంతోషంగా పలికిన వాక్యాలను ఇట్టే వేరుచేశారు. అప్పుడే ‘అభిరుచులు’ గడి నా కంటపడింది. పాడమని అడిగితే సిగ్గుపడుతూనే ఒపేరా పాదం ఒకటి ఎత్తుకుని, శ్రుతి జారకుండా చివరిదాకా పాడారు. ఆ పాదంలోని మాటల టోన్‌లన్నీ సరిగా ఉన్నాయని అక్క తల ఊపారు. దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోలేదు. కాంటనీస్ పాటలో వరుస మాట టోన్‌లను అనుసరించి నడుస్తుంది, లేకపోతే మాట అర్థం మారిపోతుంది. కాబట్టి వరుస సరిగా పాడిన గొంతులో టోన్‌లు వాటంతటవే సరిపోతాయి. పాట ఆగిన మరుక్షణం అదే మాటను మామూలుగా చెప్పమంటే ఆరో టోన్ మళ్లీ తూలింది.

మనం భౌతికశాస్త్రం పాఠంలో ‘కీచుదనం’ అని చదువుకున్న ఈ పిచ్ మెదడులో ఒకేచోట తేలే విషయం కాదు. లోపలి చెవిలోని కర్ణావర్తం నుంచి బయలుదేరిన శ్రవణ నాడి తంతువులు గొంతు తరంగంతో పాటే లయగా స్పందిస్తాయి, మెదడు కాండంలోని కణాలు ఆ లయను అనుసరిస్తాయి. ఈ అనుసరణను తల మీద అంటించిన ఎలక్ట్రోడ్లతో కొలవవచ్చు. 2005లో క్రిష్ణన్, గాండర్ బృందం చైనా అధికార భాష మాండరిన్ టోన్‌లతో ఇలా కొలిచి, అది ఇంగ్లీషు వారిలో కంటే చైనీస్ మాతృభాషీయులలో బలంగా, నిక్కచ్చిగా ఉన్నట్టు చూపింది. మరో రెండేళ్లకు, మాండరిన్ తెలియని సంగీతకారుల మెదడు కాండం కూడా ఆ టోన్‌లను ఇతరులకన్నా నమ్మకంగా అనుసరిస్తుందని వాంగ్, నీనా క్రాస్ బృందం చెప్పింది. అంటే అర్థం జోలికి ఇంకా పోని మెట్టులోనే జీవితకాలపు అలవాటు తన ముద్ర వేసి ఉంటుంది. మా రోగిలో ఈ మెట్టుకు దెబ్బ తగలలేదు, కూనిరాగం పరీక్షలో ఆ ఫలితం రావడానికి ఇదీ ఒక ఆధారం.

పై మెట్టులో పని పంచుకోవడం మొదలవుతుంది. రాగానికి కావలసిన సూక్ష్మ పిచ్ భేదాలలో కుడివైపు శ్రవణ ప్రాంతం ముందుంటుంది. పిచ్ మాటగా మారవలసి వచ్చినప్పుడు ఎడమవైపు బరువు పెరుగుతుంది. 1973లోనే వాన్ లాంకర్, ఫ్రామ్‌కిన్ థాయి శ్రోతల రెండు చెవులకూ ఒకేసారి వేర్వేరు మాటలు వినిపించి, టోన్ మాటలను కుడి చెవి, అంటే ఎడమ మెదడు, మెరుగ్గా పట్టుకుంటుందనీ కూనిరాగాలలో ఆ మొగ్గు కనిపించదనీ గమనించారు. అలాగని టోన్ మొత్తం ఎడమదే అనడం కూడా అతి. మామూలు శ్రోతలో రెండు వైపులా కలిసే పనిచేస్తాయి. 2017లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం, శస్త్రచికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులలో, టెంపొరల్ పైమడతలోని కొన్ని స్థానాలు గొంతు అసలు హెర్ట్జ్‌కు కాక, ఆ మాట్లాడే మనిషి పరిధిలో అది ఎంత ఎత్తున ఉందన్నదానికి స్పందిస్తున్నట్టు చూపింది. ఆ ప్రయోగం ఇంగ్లీషు వాక్యాలతో జరిగింది. 2021లో అదే ప్రయోగశాల మాండరిన్ మాతృభాషీయులతోనూ పనిచేసి, అక్కడా సాపేక్ష పిచ్‌నే చూసింది. మా రోగికి ఎడమవైపు దెబ్బతిన్నది ఆ పైమడతే. ఒక్క రోగి ఎంఆర్ఐతో ఏదీ రుజువు కాదు, కానీ ఆమె పోగొట్టుకున్నది పిచ్‌ను కాదు, పిచ్‌ను మాట్లాడే మనిషితో పోల్చి మాటగా తేల్చే పనిని అన్న వివరణ మా ఫలితాలకు బాగా ఒదుగుతుంది. దీనికి దాదాపు తలకిందుల చిత్రం కూడా వైద్య సాహిత్యంలో ఉంది: పుట్టుకతో రాగం పట్టుబడని మాండరిన్ భాషీయులలో కొందరికి టోన్‌లను గుర్తించడమూ కష్టమేనని 2010లో నాన్, పెరెట్జ్ బృందం రాసింది. వారు తమ నోటితో పలికే టోన్‌లు మాత్రం బాగానే ఉంటాయి.

చికిత్సను పన్నెండు వారాలు, వారానికి రెండు సిట్టింగుల చొప్పున నడిపాము. ఒకే గొంతుతో మొదలుపెట్టి, అది స్థిరపడ్డాక రెండోది, ఆపైన నాలుగూ కలిపాము. ప్రాట్ నీలం గీతను చూస్తూ పలకడం ఆమెకు నచ్చలేదు. డాక్టర్ దగ్గర గుండె పరీక్షలా ఉందన్నారు. చేతిని గాలిలో మూడు ఎత్తులలో ఆపుతూ పలకడం వెంటనే అబ్బింది, ఒపేరా నేర్చిన చేయి మరి. పాడిన పాదంలోంచి ఒక మాటను విడదీసి, వరుసను కొద్దికొద్దిగా తగ్గించి మాటలోకి దించే అభ్యాసం కూడా చేశాము.

ఇంటివాళ్లకు చెప్పిన సలహాలలో ఒకటి బాగా పనిచేసింది. ఆమెకు అర్థం కానప్పుడు అందరూ గొంతు పెంచి మళ్లీ చెబుతున్నారు. గొంతు పెంచితే పిచ్ కూడా లేస్తుంది, ఉన్న గందరగోళం రెట్టింపవుతుంది. బిగ్గరగా చెప్పవద్దనీ, ఒంటి మాటను ఎప్పుడూ ఒంటరిగా వదలవద్దనీ చెప్పాము. కొనడాన్ని ‘మాయ్ సుంగ్’ అనాలి, వంటకు సరుకులు కొనడం అనే వాడుక అది. అమ్ముడైపోవడాన్ని ‘మాయ్ సాయ్’ అనాలి. రెండో అక్షరం తోడుంటే మొదటిదాని టోన్ తప్పినా మాట నిలుస్తుంది.

పన్నెండు వారాల తరువాత కదిలే టోన్‌లు పద్దెనిమిదిలో పదిహేడుకు చేరాయి. వాక్యంలోని సమ టోన్‌లు ఎనిమిది నుంచి పదకొండుకు మాత్రమే వచ్చాయి. ఒంటరి మాటల్లో చెప్పుకోదగిన మార్పు లేదు. స్ట్రోక్ తరువాతి మొదటి నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునే పాలు ఎంతో, మా అభ్యాసం పాలు ఎంతో విడదీయడానికి ఈ ఒక్క కేసులో మార్గం లేదు. టోన్ సరిగా పలికారా లేదా అన్న తీర్పులన్నీ అక్కవి, దుబాసీవి, ప్రాట్‌వి. నా చెవికి మూడో టోన్, ఆరో టోన్ ఈనాటికీ ఒక్కటిగానే వినిపిస్తాయి.

ఆరో నెల సమీక్షకు ఆమె ఒక్కరే బస్సులో వచ్చారు. పాటల బృందానికి మళ్లీ వెళ్తున్నారు. ఫోన్‌లో ఇబ్బంది తగ్గిందా అని అడగమన్నాను. దుబాసీ ‘హై మ్ హై’ అని మొదలుపెట్టి, గొంతు ఎక్కడా లేపకుండా అడిగాడు. ఆమె జవాబిచ్చాక, మా కొత్త ఒప్పందం ప్రకారం, మొదట ఆమె పలికినది పలికినట్టుగా, తప్పిన టోన్‌తో సహా నాకు అప్పజెప్పి, ఆ తరువాతే అర్థం చెప్పాడు: కూతురితో ఫరవాలేదట, చేపల దుకాణం వాడితో మాత్రం ఇంకా వేళ్లు చూపించే బేరమాడుతున్నారట.